నైరోబీ పడుగు

13 ఏప్రిల్ 2022

అప్పులు కట్టలేనని శ్రీలంక నిన్న చేతులెత్తేసింది. నా ఉద్యోగమే ఇది. ఒక దేశం పడితే మిగతా దేశాల బాండ్ల మీద వడ్డీ ఎంత ఎగబాకుతుందో షీట్లో చూపించాలి. వర్క్ ఫ్రమ్ హోమ్. చిట్యాల దగ్గర మా ఇంట్లో, నాయిన మగ్గం ఉన్న గదికి పక్క గది. పొద్దున కాల్‌లో అందరం హుషారుగా ఉన్నాం. సిగ్గులేకుండా.

మధ్యాహ్నం, నాయినకు చీరల ఆర్డర్లిచ్చే సేటు ఫోన్. కొలంబోలో కొట్టుకు పంపిన మా చీరల డబ్బు ఆగిపోయిందట. అక్కడ డాలర్లు లేవట.

2 జూన్

సేటు కొత్త ఆర్డర్ తెచ్చాడు. నైరోబీలో ఎవరో గుజరాతీల కొట్టు, ఏనుగుల అంచు కావాలట. అమ్మా, పక్కింటి నాగరాణి చిన్నమ్మా పడుగు ముందు కూర్చుని చిటికీ కడుతున్నారు. రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కల ముడులు. నాయిన పాట అందుకున్నాడు. కొలంబో వల్ల తెగిన ఆర్డర్ల వరస మళ్లీ కుదురుతుందని ధీమా.

28 జూన్

కెన్యా బాండ్ల స్ప్రెడ్, అంటే భయం కొద్దీ అడిగే అదనపు వడ్డీ, పిచ్చిగా పెరిగింది. కెన్యాకీ లంకకీ ఏ లావాదేవీ లేదు. ఒకడు మునిగితే, వాడిలా కనిపించే ప్రతివాణ్ణీ వదిలించుకుంటారు. అంటురోగం లాంటిదని దీన్ని కంటేజియన్ అంటాం.

అన్నం తింటూ ఇదంతా చెప్పేశాను. గొప్ప కోసమే చెప్పానేమో. నాయిన కంచం పక్కకు జరిపాడు.

"గంత కత నాకెందుకు బిడ్డా. గా నైరోబీ పైసలొస్తయా రావా, ఒక్క మాట చెప్పు."

ఒక్క మాటలో చెప్పేది కాదు. భయం వేరు, పడిపోవడం వేరు. అది చెప్పాల్సింది. ఆఫీసులో అలవాటైన ఠీవి ఒకటుంది కదా.

"డౌటే నాయినా" అన్నాను.

1 జూలై

నాయిన సేటుకు ఫోన్ చేసి నైరోబీ ఆర్డర్ వద్దన్నాడు.

4 జూలై

ముడులన్నీ కోసేశారు. ఏనుగులు వేరే ఎవరికీ పనికిరావట. పట్టు వృథా కాకూడదని పడుగంతా నల్లరంగులో ముంచారు. నలుపైతే ఏ దేశపోళ్లైనా కొంటరని నాయిన నవ్వాడు. చిన్నమ్మ తన వేళ్లు చూసుకుంటూ, ఇన్నాళ్లు గీ గోళ్లు అరగదీసింది నల్లనీళ్లల్ల ముంచనీకేనా అక్కా అందట.

18 సెప్టెంబర్

ఆ ఆర్డర్ పక్క ఊరి గోపాల్ చేశాడు. నైరోబీ కొట్టు పైసలన్నీ చెప్పిన రోజుకు ఇచ్చేసింది. కెన్యా పడలేదు. సేటు ఇంకో ఆర్డర్ కూడా గోపాల్‌కే ఇచ్చాడు, నాయిన చేస్తే ఫోన్ ఎత్తడం మానేశాడు. మన నల్లచీరలు పెళ్లిళ్లకు ఎవరు కొంటరని అమ్మ నన్నే అడిగింది. నాయిన ఆమెను కసిరాడు. చదివిన పిల్ల, దానికి తెల్వదా అన్నాడు.

తిట్టినా బాగుండేది.

9 జనవరి 2023

నాయిన హైవే మీద గోదాంలో వాచ్‌మన్‌గా చేరాడు. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి అమ్మ బియ్యం బస్తాలు పెట్టింది. నేను ఉద్యోగం మానలేదు. ఇల్లు ఇప్పుడు నా జీతం మీదే నడుస్తోంది.

12 మార్చి, మధ్యాహ్నం

నాగరాణి చిన్నమ్మ భర్త లింగస్వామి చిన్నాయిన వచ్చాడు. దుబాయ్ నుంచి ఆర్డరట. పట్టాలా వద్దా అని అడిగాడు. మీ నాయిన నిన్నే అడగమన్నడు అన్నాడు. ఈసారి నోరు జారకూడదనుకున్నాను.

"నాకు తెల్వదు చిన్నాయినా."

చిన్నాయిన లేచి వెళ్లిపోయాడు.

15 మార్చి

చిన్నాయిన దుబాయ్ ఆర్డర్ వద్దన్నాడట. గంత చదివిన పిల్ల చెప్తలేదంటే ఏందో ఉన్నట్టే అన్నాడట.

పొద్దుటి నుంచి పక్కింట్లోనూ మగ్గం చప్పుడు లేదు.