బస్తాలు దింపాక

1990 జులై, ఆదివారం రాత్రి

పొద్దున్న రెండు బియ్యం బస్తాలు డిక్కీలో పెట్టగానే కారు వెనకభాగం కొంచెం కుంగింది. చూశాను గాని ఏమీ అనుకోలేదు. కొండల అవతల లిత్‌గో ఊళ్ళో ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడల్లా అక్కడి మన తెలుగువాళ్ళకు మేముండే హారిస్ పార్క్ నుంచి బియ్యం తీసుకెళ్ళడం అన్నయ్యకు అలవాటు. ఈ దేశంలో జులై అంటే నడి చలికాలం; దారంతా మంచు పడుతున్నా కారు నిదానంగా, తొణక్కుండా వెళ్ళింది.

తిరిగి బయలుదేరుతుంటే కూటం నడిపిన జాన్ అంకుల్ కారు దాకా వచ్చారు. "అబ్బాయ్, నీది వెనక చక్రాలు తోసే బండి. బస్తాలు దింపేసరికి వెనక తేలికైపోయింది, చక్రాలకు పట్టుండదు. రెండు ఇసుక మూటలేసుకెళ్ళు."

"ఇసుక మీద కట్టినోడి ఇల్లు కూలిందని ఇందాక బైబిల్లో చదివింది మీరే కదా అంకుల్" అన్నాడు అన్నయ్య. అందరం నవ్వాం.

కొండ దిగుతుంటే మంచు కాస్తా వానైంది. ఒక మలుపులో వెనక చక్రాలు జారి కారు రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి బతికాం. అన్నయ్య చాలాసేపు స్టీరింగు వదల్లేదు. తర్వాత, "మీ వదినతో అనకు, కంగారుపడుద్ది" అన్నాడు.

ఇంటికి రాగానే వదిన, "రోడ్డెలా ఉంది?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకున్న నేను అంత తేలిగ్గా అబద్ధమాడగలనని తెలియదు. అన్నయ్య నా దగ్గర అప్పుడే దేవుడి కృప వల్ల బతికామంటున్నాడు. ఇసుక మాట మాత్రం ఎత్తడం లేదు. వదినకు చెబితే అన్నయ్య మళ్ళీ నన్ను నమ్మడు. చెప్పకపోతే...

వచ్చే ఆదివారం కూటానికి మాతో వదిన కూడా వస్తానంటోంది. ఆమెకిప్పుడు ఏడో నెల.