ఇనుము చూసే యంత్రం

విజయనగరం, 12 ఆగస్టు 1968, సోమవారం

రైలు పట్టాల్లో పగుళ్లు కనిపెట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని క్లాసుకోసం రైల్వేవాళ్లని ఒక్కరోజుకి అడిగి తెచ్చాను. పట్టాముక్క మీద ఎంత నొక్కినా తెర మీద ప్రతిధ్వని గీత లేవలేదు. మధ్యలో గాలి ఉంటే ఈ శబ్దం లోపలికి పోదని పాఠం చెప్పేదాన్ని నేనే! ఆముదం రాశాను. గీత నిటారుగా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ల్యాబ్ తుడిచే అప్పలమ్మ ముందుకొచ్చింది. ఇద్దరు బిడ్డలు పోయాక మళ్లీ ఇప్పుడు ఎనిమిదో నెల.

"నా కడుపుకీ ఆముదం రాసి సూడండమ్మా. బిడ్డ బాగున్నాదో లేదో సెప్పండి."

"ఇది ఇనుముకోసం చేసింది. బిడ్డకి ఏమవుతుందో నాకు తెలీదు."

"ఇంత సదివీ తెలీదేటి?"

"తెలీదు. అందుకే పెట్టను."

పైదేశాల్లో డాక్టర్లు గర్భిణులకి ఇలాంటిదే వాడుతున్నారని, హాని కనబడలేదని చదివాను. కనబడకపోతే లేనట్టేనా? లేక నా పిరికితనంతో అప్పలమ్మకి దొరికే ధైర్యాన్ని ఆపేశానా? అయినా క్లాసు ముందు తెలీదన్నందుకు సిగ్గు లేదు. గీత లేచినప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ తల ఎత్తుకుని ఉన్నాను.

పోతూ పోతూ అప్పలమ్మ నా చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది.

"కదుల్తోందే" అన్నాను.

"నాకు తెల్దేటి? మీ నోట ఇందామని."