బండ మీది సిగ్నలు

ప్రపంచ సమాచార కార్యాలయంలోని పెద్దవారికి,

వీధి చివరింటి కోడలు దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ ఆఫీసులో అందరూ బాగున్నారని తలుస్తాను.

ముందుగా నా చేతిరాతనూ, అక్షరదోషాలనూ మన్నించండి. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంత పెద్ద ఆఫీసుకు రాయడం ఇదే మొదటిసారి. భయం భయంగా రాస్తుంటే వరసలు వంకర పోతున్నాయి. కాగితాన్ని కాస్త ఏటవాలుగా పట్టుకుంటే తిన్నగా కనిపిస్తాయి.

పోస్టాఫీసు గోడకు మీ ప్రకటన అంటించారు. "సమాచారం అందరి హక్కు. మీ ఇబ్బందులు మా వెబ్‌సైట్‌లో తెలపండి" అని ఉంది. కింద చీమతలకాయంత అక్షరాల్లో మీ చిరునామా కూడా ఉంటే అరచేతి మీద రాసుకొచ్చాను.

నా ఇబ్బంది ఇది. మా ఊళ్లో సెల్‌ఫోన్ సిగ్నలు ఒక్కచోటే అందుతుంది. అది మా పెరట్లో నేను బట్టలుతికే బండ. మిగతా ఊరికంతా కొండ అడ్డమట. బండ దిగితే ఎంత ఖరీదైన ఫోనైనా మూగదే. అందుకని వీధి వీధంతా మా పెరట్లోనే ఉంటుంది. దర్జీ బాబాయి బండెక్కి ఎవరి నడుము కొలతో అరుస్తాడు. నర్సమ్మ గారు ఎవరికి ఏ జబ్బో అరుస్తారు. చిల్లర కొట్టాయన తను ఊళ్లో లేనని ఊరంతటికీ వినిపించేలా అరుస్తాడు. మా అత్తగారు బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఒక్క ముక్క కూడా కిందపడకుండా వింటారు. నేను తడిబట్టలు పట్టుకుని వాళ్లందరి వెనక నిలబడతాను.

దయచేసి ఆ సిగ్నలును మా బండ మీదనుంచి తీయించి పోస్టాఫీసు మెట్ల మీద పెట్టించండి.

చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. అత్తగారికి తెలియకుండా రాశాను.

ఇట్లు,
చివరింటి కోడలు

తా.క.: మీరు చెప్పినట్టు వెబ్‌సైట్‌లోనే రాద్దామనుకున్నాను. దానికీ బండే ఎక్కాలి. నా వంతు రాలేదు.

*

గౌరవనీయులైన చివరింటి కోడలు గారికి,

ప్రపంచ సమాచార కార్యాలయం, ప్రజాభిప్రాయ విభాగపు అధికారి సగౌరవంగా తెలియజేయునది.

తమరి ఉత్తరం అందింది. తమరు స్వంత స్థలంలో, ఎలాంటి రుసుమూ పుచ్చుకోకుండా, ప్రజా సమాచార కేంద్రం నడుపుతున్నారని తెలిసి విభాగమంతా హర్షించింది. కేంద్రాన్ని వేరే చోటికి తరలించమని కోరారు. నమోదు కాని కేంద్రాన్ని తరలించడానికి నిబంధనలు ఒప్పుకోవు. కనుక ముందు నమోదు చేశాం. తమరిని నిర్వాహకురాలిగా నియమించాం. అభినందనలు.

కేంద్రానికి ఎవరెవరు వస్తారు, కూర్చునే వసతి ఎలా ఉంది, నిర్వాహకురాలు స్వయంగా ఈ సేవను ఎంతమేరకు వినియోగించుకుంటున్నారు అనే వివరాలు పంపగలరు.

ఉత్తరం కాల్చమన్న విన్నపం విషయమై: మా పారదర్శకత విధానం ప్రకారం ఇక్కడ ఏ కాగితాన్నీ కాల్చరాదు. తమరి ఉత్తరానికి మూడు నకళ్లు తీయించి మూడు గదుల్లో భద్రపరిచాం.

భవదీయుడు,
అధికారి

తా.క.: త్వరగా జవాబు కావాలంటే ఇకపై వెబ్‌సైట్ ద్వారా సంప్రదించండి.

*

అధికారి గారికి,

నిర్వాహకురాలని మీరనుకుంటున్న చివరింటి కోడలు దణ్ణం పెట్టి రాసేది.

అయ్యా, అది కేంద్రం కాదు, బండ. ఎవరెవరు వస్తారని అడిగారు. రానివాళ్లను చెప్పడం తేలిక. పక్కింటి ముసలాయన రాడు, ఆయనకు చెవుడు. కూర్చునే వసతి తొట్టి ఒక్కటే. అది అత్తగారిది.

ఇక నేను ఎంతమేరకు వాడుకుంటున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా పెద్దవారు అడిగారు కాబట్టి రాస్తాను.

మా ఆయన సముద్రం అవతల ఒక రేవులో ఓడలకు వెల్డింగ్ చేస్తారు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు. ఆదివారమే ఊరందరికీ ఫోన్లొస్తాయి. అత్తగారు మాట్లాడాక ఫోను నాకిస్తారు. నేను బండెక్కుతాను. పెరడంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. దర్జీ బాబాయి దగ్గు కూడా ఆపుకుంటాడు.

"ఏమోయ్, బాగున్నావా?" అంటారు ఆయన.

"ఊఁ."

"ఇంకా కోపమేనా?"

"ఊఁ."

అంతే. ఫోను మళ్లీ అత్తగారి చేతికి పోతుంది. ఆయన బయల్దేరిన రోజు నేను మొహం తిప్పుకున్నాను. ఏడుపు కనబడకూడదని తిప్పుకున్నాను. ఆయన కోపమనుకున్నారు. కాదని చెప్పాలంటే బండ మీద నిలబడి ఊరందరి ముందూ చెప్పాలి. నా వల్ల కాదు.

ఉత్తరం రాయొచ్చు కదా అంటారేమో. ఆయనకు చదువు రాదు. వాళ్ల షెడ్డులో ఉత్తరాలన్నీ ఒకాయనే చదివి పెడతాడు. ఆయన్ని అందరూ "మైకు" అంటారు. ఎందుకంటారో వేరే చెప్పక్కర్లేదు. ఒకసారి నేను "చలికి జాగ్రత్త" అని రాసినందుకు షెడ్డులో వాళ్లు ఇప్పటికీ మా ఆయన్ని "చలిజాగ్రత్త" అనే పిలుస్తున్నారట.

ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. ఈ నెలాఖరులోగా ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని అక్కడివాళ్లు అడుగుతున్నారట. "నువ్వు రమ్మంటే వస్తాను, లేకపోతే సంతకం పెట్టేస్తాను. ఏమంటావ్?" అన్నారు పోయిన ఆదివారం. చుట్టూ చూశాను. అత్తగారు తొట్టిని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు. రెండేళ్లుంటే ఇంటి పైకప్పు మారుతుందని ఆవిడ ఆశ. నేను మళ్లీ "ఊఁ" అన్నాను.

నెలాఖరులోగా సిగ్నలు మార్పించి పుణ్యం కట్టుకోండి. మూడు నకళ్లతో సహా ఇదీ కాల్చేయండి.

ఇట్లు,
చివరింటి కోడలు

తా.క.: నిర్వాహకురాలంటే జీతం ఉంటుందా అని అడుగుతున్నాననుకోకండి. కవరు మీద ఆ మాట చూసి అత్తగారు అడగమన్నారు.

*

నిర్వాహకురాలు గారికి,

ప్రజాభిప్రాయ విభాగపు అధికారి హర్షాతిరేకంతో తెలియజేయునది.

తమరి నివేదిక అందింది. కేంద్రంలో కూర్చునే వసతి కొరతగా ఉన్నట్టు గ్రహించాం. తమరి కేంద్రాన్ని "ఆదర్శ ప్రజా సమాచార కేంద్రం"గా ప్రకటిస్తూ ప్లాస్టిక్ కుర్చీలూ, పెద్ద ఇనుప బోర్డూ పంపుతున్నాం. బోర్డును మా మనుషులే వచ్చి బండ పక్కన సిమెంటుతో పాతుతారు.

తమరి వ్యక్తిగత సమస్య మనసును తాకింది. కానీ దానికి విభాగం లేదు.

భవదీయుడు,
అధికారి

తా.క.: జీతం లేదు. తడి బండ మీద జారిపడకుండా తీసుకోవలసిన జాగ్రత్తల కరపత్రం జతపరిచాం. తొమ్మిది భాషల్లో ఉంది. తమరి భాషలో వచ్చే సంవత్సరం వస్తుంది.

*

అధికారి గారికి,

చివరింటి కోడలు ఏడుస్తూ రాసేది. అక్షరాలు అలుక్కుపోయినచోట కన్నీళ్లనుకోండి, బట్టల నీళ్లనుకోకండి.

మీ బోర్డు వచ్చింది. మా వంటింటి తలుపుకన్నా పెద్దది. మీ మనుషులు పాతి వెళ్లారు. ఆ క్షణంనుంచి బండ మీద సిగ్నలు లేదు. అంత ఇనుము అడ్డం నిలబడితే పాపం సిగ్నలు మాత్రం ఎటునుంచి వస్తుంది? కొండకు తోడు మీరొక కొండ పంపారు. పీకేద్దామంటే కింద "తొలగించినవారు శిక్షార్హులు" అని ఎర్ర రంగుతో రాసి ఉంది. ఊళ్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. కుర్చీలు మాత్రం బాగున్నాయి. ఫోన్లు లేకపోయినా జనం వచ్చి వాటిల్లో కూర్చుని ఒకళ్ల సంగతులు ఒకళ్లు చెప్పుకుంటున్నారు.

రెండు ఆదివారాలు గడిచిపోయాయి. ఆయన అక్కడ ఫోన్ చేస్తూనే ఉండి ఉంటారు. ఇక్కడ మోగదు. నెలాఖరు దగ్గరికొచ్చేసింది.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీకు అన్ని దేశాల్లోనూ మనుషులున్నారట కదా. ఎవరైనా ఒకరు ఆ రేవుకు వెళ్లి, మైకు గారు పక్కన లేనప్పుడు, ఆయన చెవిలో, ఆయన ఒక్కరి చెవిలోనే, ఇలా చెప్పగలరా? "కోపం ఏనాడూ లేదు. ఇల్లంతా మీరు లేనట్టే ఉంది. కప్పు కారితే కారనివ్వండి. వచ్చేయండి."

ఇది మాత్రం తప్పకుండా కాల్చేయండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
చివరింటి కోడలు

తా.క.: ఆయన ఎడమ చెవిలో చెప్పమనండి. కుడి చెవి షెడ్డు మోతకు కాస్త మందగించింది.

*

చివరింటి కోడలు గారికి,

అధికారి ఆనందబాష్పాలతో తెలియజేయునది.

ఒక్క మనిషి చెవిలో చెప్పే విధానం మా దగ్గర లేదు. ఉన్నది ప్రసారం.

విషయం ఏమిటంటే, నెట్ అందనివారి కష్టాలపై దేశదేశాల మంత్రుల మహాసభ జరిగింది. దానికోసం నెట్ అందనివారి అభిప్రాయాలు కోరుతూ మా వెబ్‌సైట్‌లో ప్రకటన పెట్టాం. ఒక్క జవాబూ రాలేదు. కనుక అలాంటివారు ప్రపంచంలో ఎవరూ లేరని ముసాయిదాలో రాసుకున్నాం. అంతలో మా గుమస్తా తమరి ఉత్తరాలు గుర్తుచేశాడు.

సభలో అన్నీ మొదటినుంచి చివరిదాకా చదివాం. "వచ్చేయండి" అన్నచోట ఇద్దరు మంత్రులు కళ్లు తుడుచుకున్నారు. అన్ని దేశాల రేడియోల్లోనూ ప్రసారమైంది. తమరి భాషలో కూడా. ఉత్తరం ఆ భాషలోనే ఉండటంతో తర్జుమా ఖర్చు మిగిలింది. తమరి భర్తగారు తప్పక విని ఉంటారు. మా విధానం ఒక జంటను కలిపిందని వార్షిక నివేదికలో రాస్తున్నాం.

భవదీయుడు,
అధికారి

తా.క.: ఎడమ చెవి సంగతి కూడా చదివాం. సభ చప్పట్లు కొట్టింది.

*

అధికారి గారికి,

చివరింటి కోడలు తల ఎత్తుకోలేక, తల వంచుకునే రాసేది.

మీ రేడియో ప్రసారం మా వీధంతా దర్జీ బాబాయి కొట్లో విన్నది. మైకు గారు షెడ్డులో రేడియో గొంతు పెంచి మరీ వినిపించాడట. ఆ సంగతే మా ఆయన పేర కార్డు రాశాడు. ప్రపంచమంతా విన్నది.

మా ఆయన ఒక్కరే వినలేదు.

అప్పటికి ఆయన ఓడలో ఉన్నారు. ఆదివారాలు ఫోను మోగకపోయేసరికి, కోపం ముదిరి నేను ఫోను కూడా ఎత్తడం లేదనుకున్నారట. భయపడి, సంతకం మానేసి, పెట్టె సర్దుకుని వచ్చేశారు. అంటే ఆయన్ని తెచ్చింది మీ ప్రసారం కాదండీ. మీ బోర్డు. నివేదికలో ఏది రాసుకుంటారో మీ ఇష్టం.

గుమ్మంలో నిలబడి, "ఇంకా కోపమేనా?" అన్నారు.

అలవాటుకొద్దీ "ఊఁ" అన్నాను.

ఆ రోజునుంచీ నా కోపం తగ్గించాలని ఆయనే నీళ్లు తోడుతున్నారు. ఆయనే బండ మీద బట్టలుతుకుతున్నారు. ఆ ఎర్ర అక్షరాలు చదవడం రాదు కాబట్టి, వచ్చిన మర్నాడే మీ బోర్డును కోసి దండేనికి గుంజలు చేశారు. సిగ్నలు తిరిగొచ్చింది. జనమూ తిరిగొచ్చారు. ఇప్పుడు వాళ్ల వంతులు నేనే పిలుస్తున్నాను, కాస్త గట్టిగానే.

అత్తగారికి నా మీద ఒక్కటే కోపం. "ప్రపంచమంతటికీ నా గురించి చెప్పేటప్పుడు తొట్టి మీదే కూర్చోబెట్టాలా? కుర్చీ వేయలేకపోయావా?" అన్నారు. తర్వాత పెరట్లో ఉన్నవాళ్లందరినీ పిలిచి, "రేడియో సంగతి మావాడి చెవిన పడిందో, మళ్లీ ఎవరినీ ఈ బండ ఎక్కనివ్వను. తెలిస్తే వాడు తలకెక్కించుకుంటాడు. అమ్మాయి నాలుగు రోజులు సుఖపడనివ్వండి" అన్నారు. ఊరంతా నోరు మూసుకుంది. ఈ ఊరు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మైకు గారి కార్డు నేనే ఆయనకు చదివి పెట్టాను, పక్కన కూర్చుని, మెల్లగా. రేడియో సంగతీ, "వచ్చేయండి" అన్న మాటా ఉన్న వరసలు వదిలేసి చదివాను.

కాబట్టి అయ్యా, నేను రమ్మన్నానని భూమ్మీద అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఏదో ఒక రోజు నేనే చెబుతాను. ఎడమ చెవిలో.

అంతవరకూ మీ విధానాలన్నీ పక్కనపెట్టి, ఈ ఒక్క ఉత్తరాన్ని కాల్చేయండి.

ఇట్లు,
చివరింటి కోడలు

తా.క.: ఆయనకు చెప్పడానికి మాత్రం తొందరేం లేదు, కాస్త ఆలస్యమైనా పరవాలేదు. దుప్పట్లు ఇంకా ఉతకాల్సినవి ఉన్నాయి.