నల్లకోటు గొంతు

కోరుట్ల
4 నవంబర్ 2011

శేఖరన్నా,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాసిందేమిటి ఈ పిల్ల అని నవ్వుకుంటావు. నవ్వుకో. నీ నంబరు నొక్కడం, అది మోగకముందే కట్ చేయడం రెండు రోజులుగా ఇదే నా పని. చెప్పవలసింది ఒక గొంతు గురించి. నా గొంతుతో చెప్పబోతే ఏడుపు తప్ప మాట రాదని తెలిసి కాగితం ముందేసుకున్నాను.

నీ కరపత్రం మా బడి గేటు దాకా వచ్చింది. జగిత్యాల విద్యార్థి జేఏసీ అని కింద నీ పేరు చూసి ముందు మురిసిపోయాను, మా శేఖరన్నే అని తోటి టీచర్లకు చూపించాను కూడా. తర్వాత చదివాను. నల్లకోటు సినిమా ఆరో భాగాన్ని కోరుట్లలో ఒక్క ఆట కూడా ఆడనివ్వబోమని రాశావు. తెల్లవాళ్ల సినిమాకు తెలుగు అతికించేటప్పుడు గూఢచారి నల్లకోటుకు పుస్తకాల తెలుగు, వాడి చేతిలో చచ్చే గూండాలకు మన తెలుగు ఎందుకు పెడుతున్నారని అడిగావు. అందులో ఒక్క మాట కూడా తప్పని నేను అనను. సమ్మె అయిపోయి బస్సులు తిరుగుతున్నా ఎవరి మొహంలోనూ వెలుగు లేదు. ఇలాంటప్పుడు ఆ వెక్కిరింపు ఇంకా మండుతుంది.

కానీ అన్నా, సిరిసిల్లలో మా సాంచెల షెడ్డు అరుగు గుర్తుందా? కరెంటు పోయి మరమగ్గాలు ఆగిన మధ్యాహ్నాలు నువ్వు, ఓదెలు, మా రంజిత్ అన్న, నేను ఆ అరుగు మీద చేసిన కొట్లాటలు? నల్లకోటు సినిమాల్లో ఏది గొప్పదని తేలకుండా ఏ రోజూ లేవలేదు మనం, ఏ రోజూ తేలనూ లేదు. నీకు రెండోది, ఆ రైలు పైకప్పు మీద పరుగు కోసం. పాత నల్లకోటే నల్లకోటు, కొత్తవాడు వట్టి బట్టలంగడి బొమ్మ అనేవాడివి. నేను మూడోదానికి ఓటేస్తే, విలన్‌ను కాల్చింది హీరోయిన్ కదా, అందుకే నీకు నచ్చిందని ఎగతాళి చేసేవాడివి. ఓదెలు రోజుకొకటి మార్చేవాడు. హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా మా అన్న మాత్రం ఒకటే పాట, నాలుగోది. ఓడరేవు, గోదాములు, తలాతోకా లేని కథ. దేశంలో దాన్ని మెచ్చుకున్నవాడు నువ్వొక్కడివేనని వాణ్ని పట్టుకుని ఏడిపించేవాళ్లం.

ఎందుకు మెచ్చుకునేవాడో ఇప్పుడు చెప్తున్నాను. అందులో గోదాము గేటు కాడ కావలివాడు ఒకడుంటాడు. "ఎవడ్రా గది? ఆగు బిడ్డా, గాడ్నే ఆగు" అంటాడు, మరుక్షణం నల్లకోటు వాణ్ని కాల్చేస్తాడు. ఆ గొంతు మా అన్నది.

మీరందరూ అనుకున్నట్టు వాడు బట్టల దుకాణంలో పని చేయలేదు. డబ్బింగ్ చెప్పేవాడు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందరం కలిసి ఆ సీడీ చూస్తుంటే నేనే పట్టుకున్నాను. తెర మీద ఆ తెల్లవాడి పెదవులు, గోడకు ఆనుకుని కూర్చున్న మా అన్న పెదవులు ఒకేసారి కదిలాయి. నువ్వు ఆ మాటను అనుకరిస్తూ ఓదెలు వెంట పడ్డావు. అన్న కూడా నవ్వాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

వాడికి ఆ పని ఎలా దొరికిందో తెలుసా? సాంచెల మోతలో పుట్టి పెరిగినవాళ్లం, మాకు మాట వినడం కన్నా చూడడం ఎక్కువ అలవాటు. ఎదుటివాడి పెదవి ఎక్కడ మూసుకుంటుందో, ఎక్కడ సాగుతుందో వాడికి కొట్టిన పిండి. "పెదవి మూసుకునేకాడ పెదవి మూసే మాటనే పడాలె చెల్లె, లేకుంటే దొంగతనం దొరికిపోతది" అనేవాడు. పని వచ్చింది కానీ, వాళ్లు ఇచ్చిందెప్పుడూ చచ్చేవాళ్ల వేషాలే. యాస ఇంకొంచెం మోటుగా పెట్టమనేవారట. ఐదో భాగంలో ముగ్గురు గూండాలకూ వాడే చెప్పాడు. ఒకసారి నన్ను అడిగాడు, "నల్లకోటు ఎన్నడన్న మన తీరుగ మాట్లాడుతడంటవా?" అని.

ఫిబ్రవరిలో సహాయ నిరాకరణ అప్పుడు బస్సుల్లేక వాడు లారీ ఎక్కి ఇంటికి బయలుదేరాడు. సిద్దిపేట దాటాక ఆ లారీ ఏమైందో నీకు తెలుసు. పాడె మోసినవాడివి. ఆరో భాగానికి చెప్పడం ముగించే బయలుదేరుతున్నానని ముందురోజు నాకు ఫోన్లో చెప్పాడు. ఏ వేషానికో ఇంటికొచ్చి చెప్తానన్నాడు.

ఇక మమ్మల్ని కన్న అవ్వ సంగతి. ఇన్నేళ్లు సాంచెల మధ్య కండెలు చుట్టి చెవులు పోగొట్టుకున్న మనిషి. సిరిసిల్ల ఇంటికి తాళం వేసి నాతో తీసుకొచ్చాను. తింటుంది, పడుకుంటుంది, బీడీలు చుట్టడం నేర్చుకుంది. కానీ ఒకటే మాట పట్టుకుని కుమిలిపోతోంది. జనవరిలో అన్న చివరిసారి ఇల్లు కదిలినప్పుడు షెడ్డులోకి వచ్చి చెప్పి వెళ్లాడు. సాంచెలన్నీ నడుస్తున్నాయి. అవ్వ వాడి పెదవులు చూసింది. అంతలో బయట ఆటోవాడు పిలిస్తే అటు తిరిగి వెళ్లిపోయాడు. వాడు చనిపోయినప్పటి నుంచి అవ్వ అంటోంది: "పోయొస్త అనలే బిడ్డ. పోతున్న అన్నడు. నోటితోటే చెప్పి పోయిండు." ఎవరైనా ఇల్లు కదిలేటప్పుడు 'పోతున్న' అంటారా అన్నా? మన ఇళ్లలో పసిపిల్లలు కూడా అనరు. అవన్నీ పట్టించుకోవద్దని చెప్పి చూశాను. నేను చెప్పేది ఆమె చూస్తుంది, నమ్మదు.

మొన్న నీ కరపత్రం చదివి ఏడుస్తుంటే అవ్వ కారణం అడిగింది. ఒట్టు పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. "వాని గొంతున్న సినిమాకు నన్ను తీస్కపో" అంది. నీకు వినబడదు కదా అంటే, "వాని గొంతు వచ్చినప్పుడు నా చెయ్యి ఒత్తు. నేను సూస్త" అంది.

మీరు ఆపాలనుకున్నది వాడి గొంతునే. అది న్యాయమే కావచ్చు. కానీ లోకంలో మిగిలిన వాడి కొత్త మాటలు అవే. ఒక్క ఆట ఆడనివ్వు అన్నా. ఆ తర్వాత మీ ఇష్టం.

నీ చెల్లె
ప్రవళిక

---

జగిత్యాల
9 నవంబర్ 2011

ప్రవళికా,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం వచ్చింది, వాడి మీద ఇంకా వచ్చింది. దోస్తు అంటే అంత దాచిపెట్టేదేనా? దుకాణంలో చీరలు మడత పెడుతున్నానని నాకే కథలు చెప్పాడు. నన్ను ఎంత వెర్రివాణ్ని చేశాడు!

కోపం ఒక పూట కూడా నిలవలేదు. నాలుగో భాగం సీడీ వెతికి తెప్పించుకుని గేటు కాడి ముక్క చూశాను. అంతకన్నా ముందుకు చూడలేకపోయాను. ఆ మాటను నేను ఎంతమంది దగ్గర అనుకరించానో లెక్క లేదు. మీటింగుల్లో కూడా, మన భాషను ఎలా వెక్కిరిస్తున్నారో చూడండి అంటూ మైకు ముందు ఆ మాటే అనేవాణ్ని. జనం నవ్వేవాళ్లు. మొన్న మెట్‌పల్లి బస్సులో కండక్టర్ ఎవడితోనో "ఆగు బిడ్డా" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. అప్పటి నుంచి బయట ఎవరు గట్టిగా మాట్లాడినా చెవి అటే పోతోంది. హాస్టల్ గదిలో ఒక్కణ్నే కూర్చోవడం మానేశాను.

కరపత్రాన్ని మాత్రం వెనక్కి తీసుకోను. నువ్వు కూడా అడగలేదు. వాడికి ఆ వేషాలే ఎందుకు ఇచ్చారన్న కోపం ఇప్పుడు నాకు రెండింతలు ఉంది. వాడు బతికుంటే ముందు వాణ్నే ధర్నాలో కూర్చోబెట్టేవాణ్ని.

చెప్పేది విను. శుక్రవారం సినిమా వస్తుంది. పొద్దున ఆట ఆపుతారు, అది నా చేతిలో లేదు. మ్యాట్నీకి అవ్వను తీసుకుని రా. నేను గేటు కాడ ఉంటాను. ఓదెలుకు చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు. వాడు ఏడ్చిన ఏడుపు రాయలేను. మావాళ్లు నినాదాలు ఇస్తారు, భయపడకండి. ఆ ఒక్క ఆట నడుస్తుంది. ఎవరైనా లోపలికి వస్తే నన్ను దాటుకుని రావాలి.

రెండోదే గొప్ప సినిమా. ఈ మాట ఇప్పుడు రాయడం బాగుండదని తెలుసు. కానీ రాయకపోతే నేను మారిపోయానని వాడు అనుకుంటాడు.

శేఖర్

---

కోరుట్ల
20 నవంబర్ 2011

శేఖరన్నా,

ఆ రోజు గేటు కాడ నీతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయానని ఏమీ అనుకోకు. అవ్వను పట్టుకుని నడుస్తున్నాను. నీ చొక్కా చినిగి ఉండడం చూశాను. ఎవరితో పెనుగులాడావో ఓదెలు తర్వాత చెప్పాడు.

లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి.

ఖాళీ హాలు. అక్కడక్కడా ఓ ఇరవై మంది ఉంటారేమో. అవ్వ నా చేతిలో చెయ్యి పెట్టి తెరకేసి కూర్చుంది. మొదటి గూండా నోరు తెరిచాడు. అన్న కాదు. రెండోవాడు వచ్చాడు, వాడూ కాదు. ఇంకెవడో మన యాసను పురుగును పట్టుకున్నట్టు పట్టుకుని పలుకుతున్నాడు. నీ కరపత్రం చాలదు వాడికి. ఒకడు చచ్చిన తర్వాత ఇంకొకడు చస్తున్నాడు, ఒక్కరిలోనూ మా అన్న లేడు. అవ్వ మాటిమాటికీ నా మొహం చూస్తోంది. నా చెయ్యి కదలడం లేదు. బయట మీ నినాదాలు వినబడుతున్నాయి. ఇంటర్వెల్‌లో అనుకున్నాను, అన్న చెప్పింది తీసేసి వేరేవాడితో చెప్పించారని. చచ్చిపోయినవాడు అడగలేడు కదా. లేచి వచ్చేద్దామంటే అవ్వ కదల్లేదు.

రెండో సగంలో నల్లకోటు దెబ్బలు తిని ఒక రేవు ఊళ్లో ముసలామె ఇంట్లో దాక్కుంటాడు. కోటు తీసేసి మూటలు మోసే కూలివాడిలా వేషం మారుస్తాడు. పోలీసులు వచ్చి ఎవరని అడుగుతారు. వాడు తల దించుకుని అంటాడు: "నేను గీ అవ్వ కొడుకుని సారూ. మూటలు మోస్త."

నా చేతి సంగతి నాకు తెలియదు. అవ్వ తర్వాత చూపించింది, తన చేతిలో నా గోళ్లు దిగిన గుర్తులు.

అర్థమైందా అన్నా? కూలివాడి వేషం కదా, కూలివాడికి మన భాషే పెట్టాలనుకుని ఉంటారు. హీరోకు చెప్పే గొంతు ఆ యాస పలకలేకపోయి ఉంటుంది. మా అన్నను పిలిచారు. అంతసేపూ నల్లకోటు మా అన్నే. మోటుగా కాదు, వెక్కిరింపుగా కాదు. షెడ్డు అరుగు మీద మనతో మాట్లాడినట్టే మాట్లాడాడు. ముసలామెను అన్నం పెట్టమన్నాడు, చలిగా ఉందన్నాడు. హాల్లో ఎవడో ఈల వేశాడు. వెనక తలుపు తెరుచుకుంది. మీ జేఏసీ పిల్లలు ముగ్గురు నలుగురు నిన్ను దాటుకునే వచ్చినట్టున్నారు, చేతిలో జెండా కర్రలతో. వచ్చినవాళ్లు నినాదం మొదలుపెట్టి సగంలో ఆపేశారు. గోడ పక్కన అలాగే నిలబడి చూశారు. నల్లకోటు తమలా మాట్లాడడం వాళ్లు పుట్టి ఎరగరు.

తర్వాత పడవ వస్తుంది. వాడు గడప దాటుతూ వెనక్కి తిరిగి ముసలామెను చూస్తాడు. మొహం తెర నిండా ఉంది. నేను ఏడుపులో చెయ్యి ఒత్తడం మరిచిపోయాను. అవ్వే గట్టిగా, హాలంతా వినబడేలా పలికింది:

"పోయొస్త అవ్వా."

తెర మీద నల్లకోటు అన్నదీ అదే. అవ్వ చెవులు వినలేదు. వాడి పెదవులు చూసి చెప్పింది. ఎవడో తెల్లవాడు ఏ దేశపు మాటో పలికిన పెదవుల మీద, మూసేకాడ మూసి, సాగేకాడ సాగదీసి, మా అన్న ఆ మాటను అంత సరిగ్గా కూర్చోబెట్టాడు.

ఆ మాట వాళ్లు రాసిచ్చిందా, వాడే పెట్టాడా, ఎవరిని అడగాలో నాకు తెలియదు. అడగాలని కూడా లేదు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక అవ్వ చెప్పింది. "అప్పుడు గూడ వాడు గదే అన్నడు బిడ్డ. పో అన్నది సూసిన. మొకం అటు తిప్పిండు. కడమది నేను సూడలే." సగం మాట చూసి, మిగతాది తనే పూరించుకుని, తొమ్మిది నెలలు కొడుకు మీద ఆ నింద మోసింది. ఆ రోజు మాత్రం కడుపు నిండా తింది. నాకు ప్రాణం లేచివచ్చింది, నీకు వెంటనే రాద్దామనుకున్నాను.

మన కొట్లాట సంగతి కూడా రాద్దామనుకున్నాను. నా ఓటు మూడోదాని నుంచి ఆరోదానికి మారింది. నువ్వు రెండోదాని మీదే ఉండు, అన్నకు కూడా కొట్లాడేవాళ్లు కావాలి కదా.

కానీ ఇన్ని రోజులు ఆలస్యం ఎందుకైందో చెప్పాలి. ఆ సాయంత్రం గాలి వీస్తుంటే తలుపు వేయబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. వాడు లేడని ఆమెకు తెలుసు, నిప్పు పెట్టేటప్పుడు పక్కనే ఉంది. అయినా నా మొహం కేసి చూస్తూ నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది:

"గడె పెట్టకు బిడ్డ. పోయొస్త అన్నడు గద."

అప్పటి నుంచి మా తలుపుకు గడియ పెట్టడం లేదన్నా.

ప్రవళిక