ముల్లంగులు తీయమంటావా, అమ్మా?

నవంబరు 14

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం పెరట్లో ముల్లంగులు. నెలాఖరుకల్లా మంచుకి నేల గడ్డకడుతుందని రేడియోలో చెప్పారు. నాన్న పోయిన రోజు సగం మడి తీశాడు. నువ్వు బాబాయి ఇంటికి వెళ్లిపోయావు, మిగతా సగం మూడు వారాలుగా అలాగే ఉంది. తీయమంటావా? తీస్తే ఎలా దాచాలో బాబాయితో రాయించు. మన ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అని పేరే గానీ, మీరిద్దరూ మట్టిలో ఉంటే నేను వసారాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

ఇంకో సంగతి. బడిలో ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం వచ్చింది. డిసెంబరు ఐదున చేరాలి, ఆ ఊళ్లోనే ఉండాలి. "మీ అమ్మ వస్తుందా, తాళం నాకిచ్చి పోతావా?" అని ఓనరమ్మ అడుగుతోంది. ఏం చెప్పను?

వండుకుంటున్నాను, తింటున్నాను. ఏడుపు మాత్రం రావడం లేదు. నీకు వస్తోందా?

నీ కూతురు

---

నవంబరు 18

అమ్మడికి, అమ్మ చెప్పి రాయించేది.

మీ బాబాయి కుట్టుమిషను ఆపి రాస్తున్నాడు, క్లుప్తంగా చెబుతాను. మట్టి పొడిగా ఉన్న రోజు చూసుకోవాలి. ముందు పలుగుతో చుట్టూ వదులు చేయాలి, ఆకులు పట్టి లాగితే నడిమికి విరుగుతాయి. కడగకూడదు. చేత్తో మట్టి దులపాలి. ఆకు వేలెడు ఉంచి కోయాలి, తోక కోయకూడదు. చెక్కపెట్టెలో ఒక వరుస ఇసుక, ఒక వరుస ముల్లంగి, ఒకదానికొకటి తగలకూడదు. ఇసుక పిడికిట్లో ముద్దవ్వాలి, నీళ్లు కారకూడదు. పగిలినవి, పలుగు తగిలినవి ముందు వండుకోవాలి. పెట్టె మెట్ల కింద చీకట్లో ఉండాలి.

అమ్మ

పంతులమ్మా, ఇది బాబాయి మాట. "ఇంతకీ తీయమన్నట్టా, వద్దన్నట్టా వదినా?" అని అడిగితే లేచిపోయి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. "మా గిన్నెలు అరిగిపోతాయే అక్కా" అని మీ పిన్ని అంటే నవ్వను కూడా లేదు.

---

నవంబరు 21

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇసుక ఎంత తడిగా ఉండాలో ఉంది, పెట్టె ఎక్కడ పెట్టాలో ఉంది. తీయమని మాత్రం లేదు. వస్తానని కూడా లేదు.

పెట్టె ఓనరమ్మ ఇచ్చింది. ఇసుక వీధి చివర గోడ కడుతున్న మేస్త్రీ ఇచ్చాడు. "ముల్లంగికి ఇల్లు కడుతున్నావా తల్లీ? సిమెంటు కూడా పట్టుకుపో" అన్నాడు. నవ్వాలని తెలిసింది, నవ్వాను.

ఈ పొద్దున ఆకుల అంచులు నల్లబడ్డాయి. మట్టి పైకి తేలినవి నొక్కితే మెత్తగా ఉన్నాయి. అయినా అది మీ మడి. నువ్వు చెప్పందే పలుగు ముట్టను. ఒక్క మాట చాలు.

నీ కూతురు

---

నవంబరు 24

అమ్మడికి,

ఆ ఒక్క మాటే నా నోట రావడం లేదు. ఎందుకో విను. ఆ పొద్దున మీ నాన్న ఒంట్లో నలతగా ఉందని పడుకున్నాడు. నువ్వు పరీక్ష ఫలితాలు చూడ్డానికి వెళ్లావు. నేనే సతాయించాను. "ముల్లంగులు వాటంతటవే నడిచొస్తాయా? లేచి తీయి" అన్నాను. లేచాడు. సగం మడి తీసి అక్కడే కూలబడ్డాడు. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అది. మళ్లీ అదే మాటతో నిన్ను అదే మడిలోకి పంపనా?

ఆ పెరడు చూడలేను. తాళం ఓనరమ్మకు ఇచ్చెయ్.

సరే, తీయి. ఎండ వచ్చాక తీయి. ఏదన్నా తిని తీయి. ఓనరమ్మను పక్కన కూర్చోమను.

అమ్మ

---

నవంబరు 28

ప్రియమైన అమ్మకు,

తీశాను. ఎండ వచ్చాకే, తినే తీశాను. ఓనరమ్మ పీట వేసుకుని కూర్చుంది. "గుండెల్లో నొప్పేమన్నా ఉందా?" అని నాలుగుసార్లు అడిగింది. "ఆకలుంది అత్తా" అన్నాను. ముప్ఫై రెండు గట్టిగా ఉన్నాయి, పెట్టెలో పేర్చాను. తొమ్మిది మెత్తబడ్డాయి, పారేశాను. మూడు నా పలుగు తగిలి చీలాయి, వండుకున్నాను. చలికి మొద్దుబారిన వేళ్లకు స్పర్శ తిరిగి రావడానికి గంట పట్టింది.

అమ్మా, నువ్వు తీయమన్నావు, నేను తీశాను. నాకేమీ కాలేదు. నీ మాటకు మనుషుల్ని చంపే బలం లేదు. ఆ రోజు మంచం మీదే ఉంటే నాన్న బతికేవాడా అంటే నాకు తెలియదు. తెలుసునని అబద్ధం రాయను. నీ మీద కోపం ఉందేమోనని వెతుక్కున్నాను. కనపడలేదు. ఏడుపూ కనపడలేదు. రెండూ ఎప్పుడో వస్తాయేమో, వచ్చినప్పుడు చెబుతాను.

ఖాళీ అయిన మడి ఇప్పుడు ఉత్త మట్టి. ఎక్కడిదాకా నాన్న తీశాడో, ఎక్కడినుంచి నేను తీశానో నాకే తెలియడం లేదు.

తాళం ఇంకా ఇవ్వలేదు. నాలుగో తేదీ పొద్దున నా బస్సు. వస్తే నీ చేతికిచ్చి ఎక్కుతాను. రాలేనంటే తప్పు పట్టను, ఓనరమ్మకిచ్చి, పెట్టెను బస్సులో వేసి నీ దగ్గరికే పంపుతాను. బరువుంటుంది, దింపుకోవడానికి బాబాయిని రమ్మను.

ఏదైనా సరే, డిసెంబరు మూడో తేదీలోగా నాకు అందేలా రాయించు.

నీ కూతురు