మనం అనే సర్వనామం

శుక్రవారం, రాత్రి.

గాజువాక కంపెనీలో నేటితో నాలుగో సమావేశం. యారాడ జాలరిపేట నుంచి పనికి వచ్చే నూకాలమ్మ కూర్చున్న బల్ల దగ్గర తక్కినవారు అన్నం తినడం లేదట. వారిచేత సామరస్యంగా మాట్లాడించే పనిని కంపెనీ రిటైరైన తెలుగు మాస్టారినైన నాకు అప్పగించింది.

"వాసన పడదంటే కులం అంటగడతారేంటండీ!" అన్నాడు గోదావరి జిల్లా నుంచి వచ్చిన సూపర్‌వైజరు.

"పులస తిన్నోలికి నా సేపల కూర కంపేటి మేస్టారూ? ఇలగైతే పని మానేత్తాను," అంది నూకాలమ్మ.

ఎవరినీ నొప్పించకుండా ఇద్దరి మాటలూ విన్నాను.

చివరకు మేనేజరు లేచి, "మనమంతా ఒక్క కుటుంబం," అన్నాడు. 'మేము' వినేవాణ్ణి వదిలేస్తుంది, 'మనం' కలుపుకుంటుంది అని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ మాటకు పొంగిపోయాను.

సమావేశం గది గుమ్మం దాటగానే అతనే, "రండి మాస్టారూ, మనం లోపల భోంచేద్దాం. ఆవిడకు బయట మెట్లమీద అలవాటే," అన్నాడు.

"ఎల్లండి మేస్టారూ, మీది సల్లారిపోద్ది," అని నూకాలమ్మ క్యారేజీ పట్టుకుని మెట్లవైపు నడిచింది.

విస్తరి ముందు కూర్చుని ఎంత వెతికినా, మేనేజరు వాక్యంలో నాకు వ్యాకరణదోషం ఒక్కటీ దొరకలేదు.