పెరిగింది

మంగళవారం, రాత్రి

హెపటైటిస్ బి ఉందని తెలిసినప్పటి నుంచి ఆరు నెలలకోసారి రక్తం ఇచ్చి వస్తున్నాను. ఇన్నాళ్లూ మందు అక్కర్లేదనేవారు. ఇవాళ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "వైరస్ పెరిగిందమ్మా, లివర్ కూడా దెబ్బతింటా ఉండాది. ఇంక రోజూ మాత్ర వేసుకోవాల" అంది. ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు.

"రక్తం తగిలితే అంటుకునే జబ్బు, మీ అత్తకు ఇంకా టీకా వేయించలేదా?" అని కూడా అడిగింది. ఆయన ఎప్పుడో వేయించుకున్నారు. అత్తకైతే నా జబ్బు సంగతే చెప్పలేదు.

అక్కడి నుంచి నేరుగా బళేపేటలో మా గాజుల అంగడికి వెళ్లాను. అత్త నన్ను చూసి, "ఏమాయ మే, మొగం అట్లుండాది?" అంది.

"పెరిగింది" అన్నాను. నోట్లో ఆ ఒక్క మాటే మిగిలి ఉంది.

మా అంగట్లో గాజు పగిలిందని ఎవరూ అనరు, పెరిగిందనే అంటారు. అత్త నా మణికట్టు పట్టుకుంది. "గాజే కదా, పెరిగితే పోనీ. దానికింత దిగులా? రా, ఇంకోటి తొడుగుతా." ఆకుపచ్చ గాజు తీసి నా వేళ్లు కూడదీసి నొక్కింది. తన బొటనవేలి మీద పొద్దున గాజు గీసుకున్న గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

"బిగబట్టొద్దు మే. పెరిగితే గుచ్చుకుని రక్తమొస్తాది."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అత్త గాజు నా సంచిలో వేసింది.

అది ఇప్పుడు మాత్రల డబ్బా పక్కన ఉంది. రేపు నా చెయ్యి చూసి ఎందుకు తొడుక్కోలేదని అడుగుతుంది. ఏం పెరిగిందో అప్పుడు చెప్పాలి.